రాబందుగారి గుమ్మంలో నాలుగు గంటలు

స్టార్ల గుమ్మాల్లో పడిగాపులు పడడం నాకు కొత్త కాదు. పదేళ్ళుగా చేస్తున్న పనే అది. "సార్ మేకప్‌లో ఉన్నారు", "సార్ భోంచేస్తున్నారు", "సార్ ఇప్పుడే వెనక గేటు నుంచి వెళ్ళిపోయారు"... ఈ మాటలు విని విని నా చెవులు గట్టిపడిపోయాయి. కానీ ఈ జనవరిలో నేను కూర్చున్న గుమ్మం మాత్రం వేరు. దానికి గేటు లేదు, బెల్లు లేదు. కింద వాగు. ఎదురుగా నిలువునా లేచిన రాతిగోడ. ఆ గోడలో కాపురం పెట్టిన స్టార్ పేరు రాబందు!

ముఖం చిట్లించారు కదూ? తప్పు మీది కాదులెండి. మన సినిమాలు నేర్పిన పాఠం అది. ఊరిని దోచుకునే షావుకారుని హీరో తిట్టాలంటే "రాబందులాంటివాడివి" అనాలి. ఎడారిలో మనిషి దాహంతో పడిపోయే సీనుంటే పైన ఆకాశంలో అది గిరగిరా తిరగాలి. 1963లో 'ది బర్డ్స్' తీసి ప్రపంచాన్ని హడలగొట్టిన హిచ్‌కాక్ కూడా కాకులతో, సముద్రపు పక్షులతో సరిపెట్టుకున్నాడు గానీ, మనవాళ్ళు మాత్రం రాబందుకి పర్మనెంటుగా విలన్ వేషం కట్టేశారు. సీతమ్మ కోసం రెక్కలు తెగిపడే దాకా పోరాడిన జటాయువుది ఏ జాతి అన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు.

"సినిమా పత్రికలకి రాసుకునేవాడివి, నీకీ పిట్టల గొడవెందుకురా?" అన్నాడు మా ఫోటోగ్రాఫర్ మిత్రుడు.

"2018లో శంకర్ తీసిన '2.0' చూశావా? అందులో అక్షయ్ కుమార్ వేసిన పక్షుల శాస్త్రవేత్త పాత్రకి ప్రేరణ ఎవరనుకున్నావు? సలీం అలీ అనే నిజమైన మనిషి. ఆయన 1931లోనే మన హైదరాబాద్ సంస్థానం తిరిగి పక్షుల సర్వే చేశాడు. సినిమాకి మూలం వెతకడం మన వృత్తే కదా, పద!" అన్నాను.

వాడికి ఆ వాదన నచ్చిందో, లేక దారిలో అంకాపూర్ కోడికూర దొరుకుతుందనుకున్నాడో గానీ, కెమెరా సంచీ భుజాన వేసుకుని బయలుదేరాడు. (మేం వెళ్ళే దారిలో అంకాపూర్ రాదని కరీంనగర్ చేరేదాకా వాడికి చెప్పలేదు.)

మానేరు ఒడ్డున

తెల్లవారుజామున కరీంనగర్‌లో బస్సు దిగి తిన్నగా దిగువ మానేరు డ్యామ్‌కి వెళ్ళాం. గోదావరిలో కలిసే మానేరు మీద 1974లో మొదలుపెట్టి 1985లో పూర్తిచేసిన జలాశయం ఇది. నిండితే 24 టీఎంసీల నీళ్ళు. సాయంత్రమైతే కట్ట మీద జనం, మిరపకాయ బజ్జీలు, సెల్ఫీలు. తెల్లారుగట్ల మాత్రం హాలంతా పక్షులదే. మొదటి ఆటకి టికెట్ లేకుండా ముందు వరసలో కూర్చున్నాం.

నీళ్ళు వెనక్కి తగ్గిన చోట జమ్ము మొలిచి ఉంది. మొదట అందులో ఏమీ కనబడలేదు. బైనాక్యులర్ పెట్టినా అంతే! పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే అప్పుడు జమ్ము మెల్లగా తెర తీసింది. ఊదారంగు ఒళ్ళు, ఎర్రటి ముక్కు ఉన్న నీటికోడి ఒకటి, పెద్ద కాళ్ళు జాగ్రత్తగా ఎత్తి ఎత్తి వేస్తూ, పెళ్ళివారింట్లో కొత్త చీర కట్టుకున్న పెద్దమ్మలాగా బయటికొచ్చింది. దాని వెనకాల గుళ్ళకొంగలు నాలుగు. వీటి పై ముక్కుకీ కింది ముక్కుకీ మధ్య సందు ఉంటుంది. మూసినా పూర్తిగా మూసుకోదు. దేవుడి పొరపాటు కాదండీ, నీటి నత్తల్ని పట్టుకుని గుల్లలోంచి తీసి తినడానికి పనికొచ్చే ముక్కు అది.

ఎండు కొమ్మ మీద నీటికాకి ఒకటి రెక్కలు రెండూ బార్లా చాపి నిలబడింది. "ఏం ఫోజురా!" అని మావాడు టకటకా నొక్కేశాడు. నిజానికి అది ఫోజు కాదు. నీటికాకి ఈకలు బాతు ఈకల్లాగా నీటిని పూర్తిగా ఆపవు, తడిసిపోతాయి. అందుకే మునగడం దానికి సులువు. తడిసినందుకు పైకొచ్చి ఇలా ఆరేసుకోవాలి.

మేమిలా కళ్ళకి గొట్టాలు పెట్టుకుని వంగి వంగి చూస్తుంటే, వల దులుపుకుంటున్న ఒక పెద్దాయన దగ్గరకొచ్చాడు.

"ఏం తమ్మీ, ఏమన్న పోగొట్టుకున్నవా?"

"లేదు పెదనాయనా, పిట్టల్ని చూస్తున్నాం."

ఆయన మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "నీటికాకులను సూస్తానికి పట్నం నుంచి వచ్చిన్రా! మాకన్న ముందుగాల లేస్తయి, మాకన్న ఎక్కువ చేపలు పడ్తయి. మేమే ఎప్పుడు లెక్కపెట్టలె."

అక్కడి నుంచి ఆయనే మాకు గురువయ్యాడు. చలికాలంలో వచ్చే బాతులు ఏ మూలన దిగుతాయో, తీతువు అరిస్తే ఏ వైపు నుంచి మనిషి వస్తున్నట్టో అన్నీ చెప్పాడు. చివర్లో నేనడిగాను: "రాబందులుండేవా ఇక్కడ?"

"ఉండకేం! నా చిన్నప్పుడు ఊరి బయట గొడ్డు సస్తే గుంపులు గుంపులు దిగేటియి. పొద్దు గూకేసరికి బొక్కలు తప్ప ఏం మిగిలేటిది గాదు."

"మరి ఎప్పటినుంచి కనబడడం లేదు?"

పెద్దాయన వల చేతిలో పట్టుకుని ఆలోచించాడు. చాలాసేపు ఆలోచించాడు.

"ఏమో తమ్మీ... సూసుకోలె."

ఆ ఒక్క మాట నా ప్రయాణమంతా నాతోనే వచ్చింది.

గోదావరి దాటితే

కరీంనగర్ నుంచి జగిత్యాల, ధర్మపురి మీదుగా వెళ్ళి రాయపట్నం వంతెన దగ్గర గోదావరి దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. 2016లో జిల్లాలు విడదీశాక లెక్క మారింది గానీ, ఇక్కడివాళ్ళ నోట్లో ఇప్పటికీ నది ఇవతల కరీంనగరే, అవతల ఆదిలాబాదే. లక్షెట్టిపేట దాటి జన్నారం చేరేసరికి టేకుచెట్లు రోడ్డుకి రెండు వైపులా బారులు తీరాయి.

ఇది కవ్వాల్ అడవి. 1965లో అభయారణ్యం అయింది, 2012లో పులుల రక్షిత ప్రాంతమైంది. నడిమి అడవే దాదాపు 893 చదరపు కిలోమీటర్లు. "పులి కనబడుతుందా?" అని మీరడుగుతారని తెలుసు. అందరూ అడిగేదే. పులి కోసం వెళ్ళినవాడు తరచు నిరాశతో వస్తాడు. పిట్టల కోసం వెళ్ళినవాడు ఎప్పుడూ ఖాళీ చేతులతో రాడు. ఇది నా మాట కాదు, మాకు దారి చూపించిన కుర్రాడి మాట.

ఆ కుర్రాడు మమ్మల్ని చూడగానే మొదట చేసిన పని మావాడి ఎర్ర చొక్కా మార్పించడం. "గట్ల మెరుస్తుంటే పిట్టలు ఆగయి సార్. మట్టిరంగుదేమన్న ఉంటే ఏస్కోండ్రి. సెంటు గూడ వద్దు. సప్పుడు చెయ్యకుండ్రి." జనవరిలో ఎండిన టేకాకు మీద చప్పుడు చెయ్యకుండా నడవడమంటే అప్పడాల మీద నాట్యం చెయ్యడమే! అడుగుకో 'కరకర'. చివరికి ఒక చెట్టు మొదట్లో కూలబడి ఊరుకున్నాం. అదే మంచిదైంది. పక్షిని వెతుక్కుంటూ మనం తిరగడం కంటే, మనం కదలకుండా ఉంటే పక్షే మన దగ్గరికి వస్తుంది.

ముందుగా వచ్చినవాడు మిమిక్రీ ఆర్టిస్టు. నల్లటి ఒళ్ళు, నెత్తిన కుచ్చు, తోక నుంచి రెండు సన్నటి తీగలు వేలాడుతూ, వాటి చివర చెరొక ఆకు కట్టినట్టు ఉంటుంది. పొలాల్లో గేదె వీపు మీద కూర్చునే పసుల పోలిగాడికి ఇది అడవిలో ఉండే అన్న. ఇతర పక్షుల గొంతులన్నీ అనుకరిస్తుంది. డేగ అరిచిందని మేం తలెత్తి చూస్తే, అరిచింది ఇదే! డబ్బింగ్ థియేటర్లో ఉండవలసిన మనిషి అడవిలో ఉండిపోయాడు.

తర్వాత పాలపిట్ట. తెలంగాణ రాష్ట్ర పక్షి. కూర్చున్నప్పుడు దాన్ని చూస్తే "ఇదా, ఇంతేనా!" అనిపిస్తుంది, మట్టిరంగు ఛాతీతో సాదాగా ఉంటుంది. ఎగిరిందా... రెక్కల్లో దాచుకున్న నీలమంతా ఒక్కసారి విప్పుతుంది. బ్లాక్ అండ్ వైట్ సినిమాలో హఠాత్తుగా ఒక పాట కలర్‌లో వచ్చినట్టు! దసరా నాడు దీన్ని చూస్తే శుభమని మనవాళ్ళు ఊరి బయట పొలాలకి పోతారు. మంచి ఆచారమే. ఏడాదికొక్కసారైనా ఒక పక్షి కోసం ఊరు ఊరంతా తలెత్తి చూడడం ఇంకెక్కడుంది! కానీ పట్నాల్లో పొలాలు లేవు కదా, అందుకని కొందరు దాన్ని పట్టి పంజరంలో పెట్టి 'దర్శనాలు' చేయించి డబ్బులు దండుకుంటారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. రెక్కలు విప్పని పాలపిట్టలో చూడడానికి ఏముందో నాకైతే తెలీదు.

బడిలో చదువుకునే రోజుల నుంచీ ఈ అడవిలో తిరుగుతున్న మా కుర్రాడు ఒక చెట్టు తొర్ర చూపించి కొమ్ముపిట్టల కథ చెప్పాడు. గుడ్లు పెట్టే కాలంలో ఆడపక్షి తొర్రలో దూరి, ముక్కు పట్టేంత సందు వదిలి గుమ్మం మూసేసుకుంటుంది. మగపక్షి రోజూ పళ్ళూ పురుగులూ తెచ్చి ఆ సందులోంచి అందిస్తుంది. "మగపిట్టను ఎవరన్న కొట్టి సంపితే, లోపల తల్లీ పిల్లలూ ఆకలికి సస్తయి సార్" అన్నాడు. మేమిద్దరం మాట్లాడలేదు. సెంటిమెంట్ సీన్లు ఎన్నో చూశాం గానీ, దీనికి ముందు అవి ఎంత?

ఒక హత్య కథ

మంచిర్యాలలో రైలెక్కి సిర్పూర్ కాగజ్‌నగర్‌లో దిగాలి. ఆ రైల్లో కూర్చుని నేను మావాడికి చెప్పిన కథ మీకూ చెప్పాలి. ఇది తెలియకపోతే క్లైమాక్స్ అర్థం కాదు.

1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు విభు ప్రకాశ్ రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో రాబందుల్ని లెక్కపెట్టాడు. అప్పుడవి కాకుల్లాగా ఎక్కడ పడితే అక్కడ ఉండేవి. కాకుల్ని లెక్కపెట్టేవాణ్ణి చూస్తే మనమేమంటాం? పని లేదా అంటాం. 1990లలో ఆయన మళ్ళీ లెక్కపెడితే చాలా గూళ్ళు ఖాళీ. చెట్ల మీద తలలు వేలాడేసి కూర్చున్న పక్షులు, చెట్ల కింద శవాలు. ఆ తర్వాత దేశవ్యాప్తంగా చూస్తే తెల్లనడుము రాబందులు 1992 నుంచి 2007 లోపల వెయ్యింటికి ఒకటి మిగిలాయి. పొడుగు ముక్కు రాబందులు నూటికి మూడు.

హంతకుడెవరు? 2004లో బయటపడింది. పాకిస్తాన్‌లో చేసిన పరిశోధనలో దొరికాడు. పేరు డైక్లోఫెనాక్. పశువులకి నొప్పులకీ వాపులకీ ఇచ్చే చవకైన మందు. ఆ సూది వేసిన పశువు కొద్దిరోజుల్లో చచ్చిపోతే, మందు దాని మాంసంలో ఉండిపోతుంది. ఆ మాంసం తిన్న రాబందుకి మూత్రపిండాలు పాడైపోయి కొద్దిరోజుల్లోనే ప్రాణం పోతుంది. ఒక్క కళేబరం మీద పదులకొద్దీ రాబందులు వాలతాయి కాబట్టి, నూటికి ఒక్క కళేబరంలో మందు ఉన్నా జాతి జాతంతా కూలిపోవడానికి చాలు. సినిమాలో విలన్ నవ్వుకుంటూ విషం కలుపుతాడు. ఇక్కడ కలిపినవాడు విలన్ కాదు. ఎద్దు కుంటుతుంటే చూడలేక మందిప్పించిన రైతు!

ప్రభుత్వం 2006లో ఆ మందుని పశువులకి వాడకుండా నిషేధించింది. మనుషుల మందుని పశువులకి మళ్ళించకుండా 2015లో సీసా పరిమాణం 3 మిల్లీలీటర్లకి తగ్గించింది. అలాంటి హానే చేసే కీటోప్రోఫెన్‌, ఎసిక్లోఫెనాక్ అనే మందుల్ని కూడా 2023లో పశువులకి నిషేధించారు. రాబందులకి హాని చెయ్యని మెలాక్సికామ్ అనే మందు ఉండనే ఉంది.

"పోతే పోయాయి, శవాలు తినే పక్షులే కదా?" అన్నాడు మావాడు. అదే అందరూ అన్నారు. శవాలు తినేవాడు పోతే శవాలు మిగులుతాయి. వాటి మీద కుక్కలు పెరుగుతాయి, నీళ్ళలో రోగాలు కలుస్తాయి. 2024లో ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు ప్రచురించిన లెక్క ప్రకారం, రాబందులు పోవడం వల్ల 2000 నుంచి 2005 దాకా మన దేశంలో సుమారు 5 లక్షల మంది మనుషులు అదనంగా చనిపోయారు. మావాడు మరి మాట్లాడలేదు. కాగజ్‌నగర్ వచ్చేదాకా కిటికీలోంచి ఆకాశం చూస్తూ కూర్చున్నాడు.

గుమ్మం ముందు

కాగజ్‌నగర్ నుంచి పెంచికల్‌పేట వైపు అడవిలోకి వెళ్తే పాలరాపు గుట్ట. అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్ళకూడదు, వెళ్ళనివ్వరు కూడా. కింద పెద్దవాగు. అది ముందుకు పోయి ప్రాణహితలో కలుస్తుంది. వాగు ఒడ్డున గోడలాగా లేచిన రాతి కొండ. 2013లో ఈ కొండ అరల్లో పొడుగు ముక్కు రాబందులు గూళ్ళు పెట్టుకుని ఉన్నాయని అటవీశాఖ వాళ్ళు గుర్తించారు. దేశంలో నూటికి తొంభై ఏడు పోయాక, మిగిలిన మూడింటిలో కొన్ని ఇక్కడ, ఎవరి కంటా పడకుండా బతికాయన్నమాట!

ఎవరి కంటా అన్నానా? తప్పు. పట్నంవాళ్ళ కంట పడలేదు, అంతే. 1900 తర్వాత ఎవరూ చూడలేదని శాస్త్రవేత్తలు ఆశ వదులుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. దాన్ని పట్టి చూపించింది ఎవరో తెలుసా? అక్కడి పిట్టల వేటగాడు!

మాతో వచ్చిన వాచర్ కూడా ఆ చుట్టుపక్కల ఊరివాడే. నలభై దాటి ఉంటాయి. ఉదయం ఎనిమిదింటికి వాగు ఇవతల బండ మీద కూర్చోబెట్టి, "ఇంతకన్న దగ్గరికి పోవద్దు సార్. గూడు మీద ఉంటే బెదురుతయి" అన్నాడు. ఏడాదికి ఒక్కటే గుడ్డు. ఆ పిల్ల పెరిగి మళ్ళీ గుడ్డు పెట్టే వయసుకి రావాలంటే నాలుగైదేళ్ళు. బెదిరి ఒక గుడ్డు పోతే ఒక ఏడాది పోయినట్టే.

రాతి అరల కింద సున్నం కొట్టినట్టు తెల్లటి చారలు. "గవే గుర్తు" అన్నాడు అన్న. రాబందులు ఏళ్ళ తరబడి వేసిన రెట్టలవి.

తొమ్మిదైంది. ఎండ కొండ మీదికి ఎక్కింది. రాబందు పొద్దున్నే ఎగరదు. రాయి వేడెక్కి గాలి పైకి లేస్తే, ఆ గాలి మీద రెక్క ఆడించకుండా తేలుతుంది. పది. ఒక పక్షి గుట్ట వెనక నుంచి తేలుతూ వచ్చింది. మావాడు ఎగిరి గంతేశాడు. "ఉహూ, డేగ" అన్నాడు అన్న, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని. బైనాక్యులర్ మా చేతిలో ఉంది, చూపు ఆయన దగ్గరుంది! పదకొండు. వాగులో లకుముకి పిట్ట రెండు చేపలు పట్టింది. పదకొండున్నర. మావాడు ఎర్ర చొక్కా దిండు చేసుకుని పడుకున్నాడు. పన్నెండు.

రాలేదు.

"ఒక్కొక్కపారి గట్లనే సార్. ఉంటయి, పోతయి. ప్రాణహిత అవతల మహారాష్ట్ర అడవి గూడ వాటిదే. మనకే గీతలు, వాటికేం గీతలు?" అంటూ ఆయన జేబులోంచి చిన్న నోట్‌బుక్కు తీశాడు. చెమటకి అట్ట మెత్తబడిపోయింది. తేదీ వేశాడు, టైము వేశాడు, పక్కన పెన్సిలుతో గుండ్రంగా రాశాడు: 0.

"సున్నా కూడా రాయాలా అన్నా?" అన్నాను.

ఆయన నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. "రాయకపోతే ఎట్ల సార్? ఇయ్యాల లేకుండె అని రాస్తేనే గదా, రేపొచ్చినప్పుడు వచ్చినయని తెలిసేది!"

మానేరు ఒడ్డున పెద్దాయన అన్న మాట టక్కున గుర్తొచ్చింది. "సూసుకోలె." ఇంతకాలం మన దేశం మొత్తం అన్న మాట అదే. ఎక్కువగా ఉన్నప్పుడు ఎవరూ లెక్కపెట్టలేదు. పోతున్నప్పుడు ఎవరూ గమనించలేదు. భరత్‌పూర్‌లో ఒక్క మనిషి పాత లెక్క రాసిపెట్టుకోబట్టి గానీ, లేకపోతే హత్య జరిగిందని కూడా మనకి అంత తొందరగా తెలిసేది కాదు.

అందుకే మీకొక మాట. మీరు పాలరాపు దాకా రానక్కర్లేదు. మీ ఊరి చెరువు చాలు. పదివేల బైనాక్యులరూ అక్కర్లేదు, పది రూపాయల నోట్‌బుక్కు చాలు. ఆదివారం మార్నింగ్ షోకి ముందు ఒక అరగంట గట్టు మీద కదలకుండా కూర్చుని, ఏం కనబడితే అది రాయండి. పేరు తెలియకపోతే రంగు రాయండి. పిచ్చుకలు, పసుల పోలిగాళ్ళు, కొంగలు, అన్నీ. మామూలు పిట్టలే కదా అనుకోకండి. రాబందు కూడా ఒకప్పుడు మామూలు పిట్టే! ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతటా మామూలు జనం తమ ఇంటి చుట్టూ పక్షుల్ని లెక్కపెడతారు. అందులో మీ చెరువు కూడా ఒక వరస అవుతుంది.

ఇక నా సంగతి. నాలుగు గంటలు కూర్చున్నా స్టార్ దర్శనం కాలేదు, ఇంటర్వ్యూ లేదు, ఫోటో లేదు. అయినా నా పుస్తకంలో కూడా తేదీ వేసి రాసుకున్నాను: పాలరాపు గుట్ట, రాబందు, 0. ఆ అంకె మారిన రోజున కబురు చెయ్యమని వాచర్ అన్నకి నా ఫోన్ నంబరు ఇచ్చి వచ్చాను.

ఆ ఫోను మోగిన రోజున ఎంత పెద్ద హీరో ఎదురుగా కూర్చుని ఇంటర్వ్యూ ఇస్తున్నా సరే, లేచి కాగజ్‌నగర్ రైలెక్కేస్తాను. ఎడిటరుగారు క్షమించాలి!